పట్టుచీరలో పదకొండో తరగతి

నర్సింగ్ చదవాలన్న కోరికతో, నలభై ఏడేళ్ళ వయసులో, ఇక్కడ ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో పదకొండో తరగతిలో చేరాను. యూనిఫాం లేని కాలేజీ. "అమ్మా, ప్లీజ్, జస్ట్ వేర్ జీన్స్" అని మా అమ్మాయి మొత్తుకుంది. కాలేజీకి మొదటిరోజు జీన్సా, చోద్యం కాకపోతే! బ్రిస్బేన్ దాకా కనిపించే జరీ అంచు పట్టుచీర కట్టుకుని, స్నేహితులెవరైనా దొరికితే పెడదామని ఊరికి సరిపడా పులిహోర కలుపుకుని వెళ్ళాను.

నేను గుమ్మంలో అడుగుపెట్టగానే క్లాసు క్లాసంతా ఫోన్లు దాచేసింది. తాటిచెట్టంత కుర్రాడొకడు లేచి, "మిస్, కెన్ ఐ గో టు ద టాయిలెట్?" అన్నాడు.

"వెళ్ళు నాయనా" అన్నాను కంగారులో.

అసలు టీచరు వచ్చి నాకు వెనక కుర్చీ చూపించేసరికి, పిల్లలు నవ్విన నవ్వుకి కిటికీలు ఊడిపడలేదంతే! లంచ్‌లో మాత్రం నా పక్కకి ఒక్కరూ రాలేదు. పులిహోరంతా నేనే తిన్నాను.

మర్నాడు బుద్ధిగా జీన్స్ వేసుకెళ్ళాను. ఎవరూ ఫోన్ దాచలేదు. ఎవరూ మిస్ అనలేదు. అసలు సాయంత్రం దాకా ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నన్ను చూసి నవ్విన ఆ మొదటిరోజే నయమని ఇప్పటికీ అనిపిస్తుంది.