డోర్కస్ పిమ్ పలకాల్సిన మాట

లండన్‌లో మనిషి చచ్చిపోతే చాలదు. దేనితో చచ్చిపోయాడో డోర్కస్ పిమ్ వచ్చి చెప్పాలి. ఆమె అరవై దాటిన విధవ. చదువు లేదు, వైద్యం రాదు. పేట చర్చివారు పెట్టే రొట్టెతో బతుకుతోంది గనుక, దానికి బదులుగా వాళ్లు ఆమె చేత బైబిలు మీద ప్రమాణం చేయించి, చేతికో బెత్తమిచ్చి, శవాలను చూసే ఉద్యోగం అప్పగించారు. ఆమె చెప్పిన మాటను గుమాస్తా రాసుకుంటాడు. అది వారం వారం అచ్చయ్యే చావుల పట్టీకెక్కుతుంది. రాజుగారు కూడా చదువుతారని వినికిడి.

ఒంటి మీద లేచేవాటి విషయంలో ఆమెది మహాపాండిత్యం. చంటిపిల్లల ఎర్రపొక్కు, బుగ్గల మీది పాలపొక్కు, దురదగొండి దద్దు, తలంతా అట్టకట్టే చిడుము, నడుముకు పటకాలా చుట్టుకునే బొబ్బలు, సెయింట్ ఆంథొనీ మంట, ఊదామచ్చల జ్వరం - ఆమె పేరు పెట్టని పొక్కు ఆ పేటలో లేదు. ఒక్క పేరు మాత్రం ఆమె ఇంతవరకు పలకలేదు: దేవుడి ముద్రలు. మహమ్మారి మచ్చలకు జనం పెట్టుకున్న పేరది. అది పలికితే ఆ ఇంటికి తాళం పడుతుంది, తలుపు మీద ఎర్ర శిలువ, గుమ్మంలో కాపలా. లోపలివాళ్లు లోపలే, నలభై రోజులు.

మే నెలలో ఒక ఉదయం, చేతితొడుగులు కుట్టే అంబ్రోస్ వీల్ ఇంటినుంచి కబురొచ్చింది. పనిపిల్ల పెట్రోనెల్ చచ్చిపోయింది. ఈ పనికి ఇద్దరు వెళ్లాలని నియమం. డోర్కస్ వెంట థామసిన్ క్రౌచ్ వెళ్లింది.

గుమ్మంలోనే అంబ్రోస్ భార్య జుడిత్ ఎదురొచ్చింది. "రండి పిమ్మమ్మా. ఏం లేదు, దద్దుర్లే. మొన్నేదో పాడుచేప తినింది."

"దద్దుర్లతో చచ్చినవాళ్లను నేనింకా చూళ్లేదమ్మా."

"అయితే చెమటకాయలేమో."

"చలిమంట ఇంకా ఆర్పలేదు మీరు. చెమటకాయలా?"

డోర్కస్ దుప్పటి తీసింది. రొమ్ము మీద మూడు మచ్చలు. నీలిమీద నలుపు, చుట్టూ ఎరుపు. బొటనవేలితో నొక్కింది. కొమ్ములా గట్టిగా ఉన్నాయి. ఇంతవరకు పలకని పేరు ఇదే.

"ఈ పిల్ల ఈమధ్య ఎక్కడికైనా వెళ్లిందా?"

"ఎక్కడికి పోతుంది? పక్కింటి హాబ్సన్ ముసలమ్మ పోతే శవానికి స్నానం చేయించడానికి పంపాం. ఆవిడది ఊదామచ్చల జ్వరమేగా? మీరే చెప్పారు."

అవును, ఆమే చెప్పింది. తొమ్మిది రోజుల కిందట ఆ ముసలమ్మ చంక దగ్గర కూడా ఇలాగే గట్టిగా తగిలింది. కానీ ఆ ఇంటి కోడలికి నెలలు నిండాయి. తాళం వేసిన ఇంట్లోకి ఏ మంత్రసాని వస్తుంది? అందుకని డోర్కస్ తన జీవితంలో మొదటిసారి వేలిని కాదని జాలిని నమ్మింది. ఆ మాట పట్టుకుని వీధి వీధంతా ముసలమ్మ చావు విందుకొచ్చి కడుపునిండా తిని వెళ్లింది.

థామసిన్ ఆమె చెవిలో బుసకొట్టింది. "అక్కా, ఇదీ ఊదామచ్చలే. అంతే. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నా. మాట మారిస్తే బజార్లో మెడా చేతులూ కొయ్యకు బిగిస్తారు మనిద్దరికీ!"

అంబ్రోస్ వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. "పిమ్మమ్మా, ఐదుగురు పిల్లలున్నారు నాకు. పక్కింటివాళ్లకు చెప్పిన మాటే మాకూ చెప్పండి. వాళ్లకో మాట, మాకో మాటా?"

"పిల్లల్ని పిలువు" అంది డోర్కస్.

ఐదుగురూ వరసగా నిలబడ్డారు. ఆమె మెడలు, చంకలు, గజ్జలు తడిమింది. నాలుగోదాని మెడ మీద ఎర్రమచ్చ. నొక్కింది. మెత్తగా ఉంది, నడిమధ్య సూదిమొనంత చుక్క.

"నల్లి కుట్టింది. పరుపు ఎండలో వెయ్యమ్మా, సిగ్గులేకపోతే సరి" అంది. తర్వాత అంబ్రోస్ వైపు తిరిగింది. "వాళ్లకు చెప్పింది అబద్ధం, నాయనా. అందుకే మీ పనిపిల్ల ఇలా పడుంది. జరుగు."

"నీ నోరు పడిపోను!" అంది జుడిత్. అంబ్రోస్ భార్య వంక, పిల్లల వంక చూశాడు. ఆ తర్వాత జరిగాడు.

గుమాస్తా కలం ముంచాడు. "ఎవరు, దేనితో?"

"రెండు రాయండయ్యా. ఈ పిల్లది, పోయిన వారం హాబ్సన్ ముసలమ్మది. రెండూ దేవుడి ముద్రలే."

గుమాస్తా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "పోయిన వారానిది అచ్చయిపోయిందే!"

"శవం పాతేశారు కూడా. అయినా రాయండి."

మధ్యాహ్నానికి రెండిళ్లకూ తాళాలు పడ్డాయి. థామసిన్ ఊరొదిలి పారిపోయింది. చర్చి పెద్దలు గంభీరంగా సమావేశమై, డోర్కస్ ప్రమాణం తప్పినందుకు కొయ్యకు బిగించాల్సిందేనని తీర్మానించారు. ఆ బెత్తం పట్టుకునే మనిషి మరొకరు దొరికే వరకు శిక్ష వాయిదా వేశారు. ఎవరూ దొరకలేదు.

హాబ్సన్ కోడలు తాళం వెనకే, అత్త లేకుండా, మంత్రసాని లేకుండా ప్రసవించింది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

డోర్కస్ రోజూ వీల్ ఇంటి ముందు ఆగేది. జుడిత్ పైకిటికీలోంచి నోటికొచ్చినట్టు తిట్టేది. ఆ తిట్ల వెనక ఐదు గొంతులూ వినపడేదాకా డోర్కస్ తలొంచుకుని నిలబడేది.

ముప్పై తొమ్మిదో రోజున తిట్లు వినిపించలేదు. డోర్కస్ బెత్తంతో గోడ మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. చివరికి కిటికీలోంచి నాలుగో పిల్ల తల బయట పెట్టింది.

"అమ్మేదీ?" అంది డోర్కస్.

"పడుకుంది. జ్వరం కాదులే, తెల్లవార్లూ తొడుగులు కుట్టింది. నువ్వొస్తే నన్ను తిట్టమంది. ఏమని తిట్టాలి?"

"నీకు వచ్చిందే తిట్టవే తల్లీ" అంది డోర్కస్. "గట్టిగా. మిగతావాళ్లని కూడా పిలువు."