గంగాధర్ రాసిన ఇరవై లైన్లు

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. దాని బరువు తగ్గలేదు, నేనే అలవాటు పడ్డాను. మీకు చెబుతున్నాను కదా అని జాలి పడకండి. ఏడుస్తూ రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. ఎవరి మీద కోపం? నాకూ పూర్తిగా తెలియదు.

ఈ అరబ్బు దేశానికి వచ్చిన కొత్తలో అబ్బాసియాలో ఒకే గదిలో అయిదుగురం ఉండేవాళ్లం. నాది రాజంపేట, ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. పక్క మంచం గంగాధర్‌ది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఇంజనీరింగ్ చదివి, ఇంటి డ్రైవర్ వీసా మీద వచ్చాడు. పిల్లల్ని బడిలో దింపాలి, మామాని, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బజారుకు తీసుకెళ్లాలి, మిగతా పొద్దంతా కారులో ఎదురుచూడాలి. అలా ఎదురుచూస్తూనే నా పాత లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ప్రోగ్రాములు రాసేవాడు.

వేల ఫైళ్ల కోడ్‌లో ఏ మాట ఎక్కడుందో వెతకడానికి మా ఆఫీసులో ఒక ఉచిత టూల్ వాడేవాళ్లం. దాన్ని ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. నడిపేవాళ్లకు నచ్చితే కలుపుకుంటారు. దానికో జబ్బుండేది. ఇక్కడి పాత ప్రోగ్రాముల్లో అరబ్బీలో రాసిన వివరణలుంటాయి. పాత పద్ధతిలో దాచిన ఆ ఫైళ్లను అది చదవలేక దాటేసేది. దాటేశానని చెప్పేది కూడా కాదు, ఏమీ దొరకలేదనేది. నేను గదిలో విసుక్కుంటుంటే గంగాధర్ విన్నాడు. వారం తిరగకుండానే, అర్దియాలో మామా వాళ్ల చుట్టాలింటి ముందు కారు ఆపుకుని ఇరవై లైన్లు రాశాడు. జబ్బు కుదిరింది.

నా పేరుతో పంపమన్నది వాడే. ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటి వీసా మీద ఉండి వేరే పని చేస్తున్నట్టు కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, తెలిస్తే కొంప మునుగుతుందని వాడి భయం. కాబట్టి నేను దొంగిలించలేదు. పంపాను. టూల్ నడిపేవాళ్లు అడిగిన ప్రశ్నలకు నెల రోజులు జవాబులు రాశాను. రెండుసార్లు తిప్పి పంపితే రెండుసార్లూ కూర్చుని సరిచేశాను. అది పని కాదా? దానికి నాకు పేరు రావడం తప్పా?

ఆ పేరు చూసే ఖైతాన్‌లో ఇంకో కంపెనీ నన్ను పిలిచి ఉద్యోగమిచ్చింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ కంపెనీ మీదికి మారింది. భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి కాగితాలు పెట్టాను.

ఇంతలో ఇంటి వీసా వాళ్లు కంపెనీ వీసాకు మారడానికి ప్రభుత్వం కొద్ది వారాల గడువు ఇచ్చింది. గంగాధర్‌ను వదలడానికి వాడి కఫీల్ ఒప్పుకున్నాడు. మా కొత్త ఆఫీసులో ఒక ఖాళీ ఉందని తెలిసి ఇంటర్వ్యూకి వచ్చాడు. బల్లకు ఇవతల ముగ్గురం, అందులో నేనొకణ్ణి. చేసిన పని ఏదైనా చూపించమని మేనేజర్ అడిగితే, ఆ ఇరవై లైన్లు తనవేనన్నాడు. ఏ లైను ఎందుకు రాశాడో వరసగా చెప్పాడు. మేనేజర్ నావైపు తిరిగి, ఇది మీ పేరు మీద ఉందే అన్నాడు.

వాడికి ఇక పేరు దాచాల్సిన పని లేదు. అవునని ఒక్క మాటంటే చాలు. నేనే రాశానని, ఇతను నా రూమ్మేటని, పక్కన కూర్చుని చూశాడని చెప్పాను.

లిఫ్ట్ దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు.

"ఏందన్నా, గట్లన్నవ్?"

"నా ఇఖామా దాని మిందే నిలబడుండాదిరా. పెండ్లాంబిడ్డల కాగితాలు పెట్టుండా. ఏం జేయమంటావ్?"

"ముందుగాల ఒక్క మాట జెప్తే నోరు మూసుకొని కూసుందును గదన్నా."

"పేరు నువ్వే ఇచ్చినావు."

"పేరిచ్చిన. నన్ను అబద్ధాలోణ్ని జెయ్యమనలే."

లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయాడు. వాడికి ఉద్యోగం రాలేదు. గడువు అయిపోయింది. వేరే గదికి మారాడు, ఇప్పటికీ అదే ఇంటి కారు నడుపుతున్నాడు. నా గురించి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది.

ఎందుకలా అన్నాను? నిజం చెబితే నన్ను తీసేస్తారని భయపడ్డానా, ఆఫీసులో అందరూ మెచ్చుకుంటుంటే ఆ లైన్లు నావేనని నేనే నమ్మేశానా, నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఈ రెండిటి దగ్గరే ఆగిపోయేవాణ్ణి. రెండూ నిజమే. కానీ అసలు సంగతి వేరు. నిన్నటిదాకా కారు తుడిచినవాడు నా పక్క కుర్చీలో కూర్చోవడం నాకు గిట్టలేదు. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఆ టూల్‌కు చాలా చేశాను. పెద్ద ఫైళ్లను అది ఇవాళ వేగంగా వెతుకుతోందంటే అది నా కష్టం. దాని విషయంలో ఎవరికీ తలవంచను. నా భార్యాబిడ్డలు వచ్చారు, ఇక్కడే ఉన్నారు. అందుకూ సిగ్గుపడను. అదే బల్ల ముందు మళ్లీ కూర్చోబెడితే నిజం చెబుతానా? చెబుతానని ఒట్టు వేయలేను. చూడండి, ఇంత రాశాక కూడా మంచివాణ్ణి కాలేదు.

ఇప్పుడు చెప్పి వాడికి ఒరిగేదేమిటని అడుగుతారు. ఏమీ లేదు. నాకు మాత్రం గుండెల మీంచి ఏదో దిగినట్టుంది. అది కూడా వాడికి దక్కని సుఖమే. క్షమించమని మిమ్మల్ని అడగలేదు, వాణ్ణీ అడగను. గంగాధర్ ఆ రోజు నిజమే చెప్పాడు. అబద్ధమాడింది నేను.