గాజు పళ్ళెంలో ఉప్పు

నా చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి వెళ్లలేకపోయాను. నూజివీడులో సైన్సు టీచరుగా చేసే పక్కింటి అక్కే సాయంత్రాలు నాకు చదువు చెప్పేది. అది దేవుడు చూపిన దయ.

మామిడాకులు చిన్నవైపోతే తోటల్లో చల్లే జింకు మందు ఎలా తయారవుతుందో ఒకరోజు చేసి చూపించింది. నీళ్లు కలిపిన ఆసిడ్‌లో జింకు ముక్కలు వేస్తే బుసబుసా నురగ లేచింది. నురగ ఆగాక కూడా ఇంకో నాలుగు ముక్కలు వేసింది. దండగ కదా అంటే, "అడుగున మిగలాలే పిచ్చిదానా. మిగిలితేనే ఆసిడ్ అంతా అయిపోయినట్టు," అంది. వడకట్టి, కాసేపు మరిగించి, గాజు పళ్ళెంలో పోసి కిటికీలో పెట్టింది. "రేపటికి ఉప్పు కడుతుంది చూడు."

మర్నాడు నిజంగానే తెల్లటి పలుకులు మెరుస్తున్నాయి. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నా చేతిలో పచ్చి మామిడి ముక్కలు, పక్కన నాలుగేళ్ల తమ్ముడు. కాయ చేతిలో, ఉప్పు కళ్లెదుట ఉంటే మా ఊళ్లో ఏ పిల్లయినా ఏం చేస్తుంది? ముక్క అద్ది వాడి నోట్లో పెట్టాను.

వాడు భళ్లున కక్కుకున్నాడు. మళ్లీ, మళ్లీ. పెదాలు పాలిపోయాయి. చెబితే అమ్మ చంపేస్తుంది, చెప్పకపోతే తమ్ముడు చచ్చిపోతాడు. "యేసయ్యా" అని గట్టిగా కేక పెట్టాను.

అక్క పరుగున వచ్చింది. పళ్ళేన్ని చూసింది, నన్ను చూసింది. "ఎంత తిన్నాడమ్మా?" అంది, అంతే. చిటికెడని వేళ్లతో చూపించాను. వాడి నోరు కడిగి, ఇద్దర్నీ ఆటో ఎక్కించింది. నా ఒళ్లో వాడి తల వేలాడిపోతుంటే, ఊపిరి ఉందో లేదోనని దారంతా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు, అందులో ఆసిడ్ మిగిలిందా అని అడిగారు. "లేదండీ. జింకు అడుగున మిగిలేదాకా వేశాను," అంది అక్క, తడబడకుండా. ఆయన మొహం కాస్త తేటపడ్డాకే నాకు ఊపిరాడింది. పొద్దుగూకేవేళకి వాడు ఇడ్లీ అడిగాడు. దేవునికి స్తోత్రం.

ఇంటికొచ్చాక అక్క తప్పంతా తన మీదే వేసుకుంది. మందుని ఉప్పని పిలిచి, ముట్టొద్దని చెప్పకపోవడం తన పొరపాటేనంది. "నీ చదువు చల్లగుండ, రేపట్నుంచి తెలుగు చెప్పు తల్లీ," అంది అమ్మ, కళ్లొత్తుకుంటూనే.

ఇప్పుడు నా మనవలు ఏదో పగలగొట్టి, బిక్కమొహాలతో వచ్చి నిలబడతారు. "ఎందుకు చేశావ్?" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, ముందు ఎవరికైనా తగిలిందా అని అడుగుతాను. ఆ రోజు అక్క "ఎందుకు" అని అడిగి ఉంటే, నేను భయంతో అబద్ధమే చెప్పేదాన్ని.