వణికే కంప్యూటరూ, కాలేషా

కాలేషాకి కుదురు తక్కువ. పుట్టుకతోనే అంతే. నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు గానీ, కూర్చోని పనిచేయంగా చూసినోళ్లు లేరు. టీవీలొచ్చినాక రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గారు. దాంతో గుంటూరుపోయి కంప్యూటరు పని కాస్త నేర్చుకొచ్చాడు. అప్పటికి, ఎనభై ఎనిమిదిలో, వాణ్ణి నమ్మి కంప్యూటరు చేతికిచ్చింది ఒక్కడే, టైపు నేర్పే శ్రీమన్నారాయణ మాస్టారు.

అది జబ్బుపడింది. తెరమీద పచ్చటి అక్షరాలు చలిజొరమొచ్చినట్టు వణుకుతున్నయ్.

"రేపటిదాకా చూస్తా కాలేషా. కాకపోతే గుంటూరు పంపిస్తా," అన్నాడు మాస్టారు.

గుంటూరు పోయిందా, పేటలో ఇంకెవడూ వీడిచేత కంప్యూటరు ముట్టనివ్వడు. మళ్లీ పాత రేడియోల ముందు ఈగలు తోలుకోవాల్సిందే.

పెట్టె, తెర రెండూ రిక్షాలో ఇంటికి తెచ్చాడు. విప్పి దుమ్ము ఊది, కరెంటు పెడితే అక్షరాలు బుద్ధిగా నిలబడ్డయ్. తీసకపోయి మాస్టారి గదిలో పెడితే మళ్లీ వణుకే.

"జబ్బు దానికి కాదు, నీకు. అన్నం ముందు కాలాడిస్తావేంది? కంచం ఎగిరిపడుద్ది," అంది పెళ్లాం హమీదా.

తెల్లారగానే మళ్లీ పోయాడు. స్టెబిలైజరు దూరం జరిపాడు. వణుకే. వైరు మార్చాడు. వణుకే. తల పట్టుకోనుంటే ఉన్నట్టుండి అక్షరాలు ఆగినయ్. ఏం ముట్టుకోలేదే! గోడవతల చప్పుడూ ఆగింది. ధనమ్మ పిండిమర, బెల్టు ఊడిందంట. మర మళ్లీ గుర్రుమందో లేదో, అక్షరాలకి వణుకు పుట్టింది.

ఒకటే పరుగు. "అక్కా, ఒక్కసారి మర ఆపు!"

"ఇప్పుడేగదరా బెల్టెక్కించింది! జనం బుట్టలు పట్టుకోని నిలబడుంటే నీకేం పొయ్యేకాలం?" తిడతానే ఆపింది.

పోయి చూస్తే అక్షరాలు కదల్లేదు. తెరలో తప్పేం లేదు, మర మోటారులో పుట్టే అయస్కాంత శక్తి గోడ దాటొచ్చి బొమ్మని లాగుతాంది. దూరం జరిపితే చాలు.

"జరిపేది లేదు," అన్నాడు మాస్టారు. "సిద్ధాంతిగారు చెబితేనే పోయిన నెల ఆగ్నేయంలో పెట్టించా. అప్పట్నించే పిల్లలు చేరుతున్నారు."

కాలేషా గది ఈ మూలనించి ఆ మూలకి తిరిగాడు. దొరికిన జబ్బు చేతిలోనుంచి జారిపోతాందే!

"మాస్టారూ, పనంతా చేసేది పెట్టె. అది ఆగ్నేయంలోనే ఉండనీయండి. తెర ఒక్కదాన్ని అవతల గోడకి పెడతా."

"పెట్టె కదలదుగా?"

"బెత్తెడు కూడా కదలదు."

వైరు అందలేదు. ఇంకో ముక్క తెచ్చి, పోగుకి పోగు కలిపి టంకం పెట్టాడు. ఒక్క పోగు తప్పినా బొమ్మే రాదు. అవతల మర ఊదరగొడతాంది. స్విచ్చేశాడు. అక్షరాలు కాస్త మసగ్గా వచ్చినయ్ గానీ, కదల్లేదు.

"మసకేందిరా?"

"వైరు పొడుగైంది మాస్టారూ," అని తెర వెలుగు పెంచే గుండీ తిప్పాడు.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకోని చానాసేపు చూశాడు. "సరే, గుంటూరు వద్దులే. ఆ ప్రింటరు కూడా కాగితం నములుతాంది, అదీ నువ్వే చూడు."

ఆ మాట పూర్తికాకముందే దాని మూత కాలేషా చేతిలో ఉంది.