నూట అరవై మెట్ల కీర్తన

పిట్టన్న అనగానే గాలికి ఎగిరిపోయేలాంటి బక్క మనిషిని ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే. తొంభై రెండు కిలోల మనిషి. క్రేన్ కొసన గాజు గూటిలో కూర్చుని పనిచేస్తాడని కింద ఇనుప చువ్వలు కట్టేవాళ్లు ఆ పేరు పెట్టారు.

పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి నిలబడి ఉంటుందే, ఆ క్రేన్ నడపడం అతని పని. నడపడం పెద్ద కష్టమేమీ కాదు, ఎక్కడమే కష్టం. క్రేన్ స్తంభం లోపల నిటారు నిచ్చెన, మధ్యమధ్య ఊపిరి పీల్చుకోవడానికి ఇనుప అరుగులు. మొత్తం నూట అరవై మెట్లు.

ఎనిమిదేళ్లు ఈల వేసుకుంటూ ఎక్కాడు. ఒకరోజు ఉన్నట్టుండి గాలివాన కమ్మింది. దిగే దారి లేక రెండు గంటలు గూటిలోనే ఉయ్యాలలూగాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ మర్నాడు నిచ్చెన మీద చెయ్యి వేయగానే లోపల ఎవరో అన్నారు: "ఇవాళ జారతావు." అంతే, అరచేతులకు చెమటలు పట్టాయి. ఆ రోజు నుంచి ఆ మాట రోజూ అతనికంటే ముందే వచ్చి నిచ్చెన దగ్గర కాచుకుని ఉండేది.

భార్యకు చెప్పలేదు. కనిపెట్టింది అత్తగారు. ఆవిడకు ఒక కన్ను కనబడదు, కానీ ఉన్న కన్ను రెండు కళ్ల పని చేస్తుంది. మొగుడు పోయాక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఒక్క కూతుర్ని పెంచిన మనిషి. బైబిలు వాక్యమంతా కంఠతా.

"వాక్యం ఖడ్గం బాబూ. బీరువాలో దాస్తే తుప్పు పడుతుంది. నోట పట్టు," అని ఒక కీర్తన నేర్పింది. పాదం తొట్రిల్లనివ్వడనీ, కాపాడేవాడు కునకడనీ చెప్పే కీర్తన.

పిట్టన్న నేర్చుకున్నాడు. అయితే, బరువూ దూరమూ లెక్కకట్టి బతికే మనిషి కదా, ఆ బుద్ధి పోనిచ్చుకోలేదు. మాటకు రెండు మెట్లు, పెద్ద మాటకు మూడు చొప్పున సర్ది, సరిగ్గా నూట అరవయ్యో మెట్టు మీద ఆమేన్ పడేలా చేశాడు. మూడేళ్లు అలాగే ఎక్కాడు. చివరి రెండేళ్లు ఆ మాటలకు అర్థం ఉందన్న సంగతే మర్చిపోయాడు.

కొత్త సైటుకు మారారు. అక్కడి క్రేన్‌కు రెండు వందల పద్నాలుగు మెట్లు.

మొదటిరోజు ఆమేన్ వచ్చేసింది, గూడు రాలేదు. తలెత్తి చూస్తే ఇంకా యాభై నాలుగు మెట్లు. "అయిపోయిందా నీ పాట?" అంది లోపలి గొంతు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. కుడికాలి మాట ఎడమకాలికి పడి అంతా కలగాపులగమైంది. ఇరవై నిమిషాలు నిచ్చెనను కావలించుకుని, చివరికి దిగివచ్చేశాడు.

కడుపునొప్పి అన్నాడు. సూపర్‌వైజర్ నమ్మలేదు.

"కడుపునొప్పికి కాళ్లు వణుకుతాయా అన్నా? రేపు ఎక్కండి. కుదరకపోతే చెప్పండి, వేరే మనిషిని పిలుస్తా. స్టోర్‌లో కూర్చుందురుగాని. సిగ్గేం లేదు ఇందులో."

సిగ్గు లేదని చెప్పాకే పిట్టన్నకు సిగ్గు తల దాకా ఎక్కింది.

సాయంత్రం అత్తగారు మంచం మీద కూర్చుని చిరిగిన దుప్పటికి అంచు కుడుతోంది. పక్కన కూలబడ్డాడు.

"వాక్యం పనిచెయ్యలేదత్తయ్యా."

"ఎవరి మీద వాడావు?"

"ఎవరి మీదంటే... మెట్ల మీద." సర్దుబాటు సంగతీ, లోపల ఒక గొంతు పలుకుతుందన్న సంగతీ చెప్పాడు.

ఆవిడ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఓరి నా తండ్రీ! కత్తిచ్చి యుద్ధానికి పంపిస్తే, దాంతో పొలం కొలిచొచ్చావా!"

"ఏంటమ్మా ఆ నవ్వు?" అంది లోపల్నుంచి కూతురు.

"ఏం లేదే, నీ మొగుడికి లెక్కలు బాగా వచ్చట!" అని, ఆవిడ గొంతు తగ్గించింది. "ప్రభువుని గుడి శిఖరం మీద నిలబెట్టి సాతాను ఏమన్నాడు?"

"దూకమన్నాడు."

"ఊరికే అనలేదు. దూతలు పట్టుకుంటారని రాసుందిగా, దూకు అన్నాడు. వాడికీ వాక్యం నోటికొచ్చు, నీకంటే బాగా! దేవుణ్ణి పరీక్షించకూడదని కూడా రాసుంది అన్నాడు ప్రభువు. వాడి మాట విని, దానికి తగిన మాటతో కొట్టాడు. నువ్వు వాడేమంటున్నాడో వినకుండా పాడుకుంటూ పోయావు. అది ఖడ్గం కాదు అల్లుడూ, చెవుల్లో దూది."

పిట్టన్న దుప్పటి కొస వేలికి చుట్టుకున్నాడు.

"చెప్పు, ఏమంటాడు వాడు?"

"జారతావంటాడు."

"ఇంకా?"

"నువ్వు పోతే నీవాళ్లకి దిక్కెవరంటాడు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అదీ అసలు సంగతి. దానికి జవాబు వెతుక్కో. నన్నడగొద్దు." ఆ రాత్రి పడుకునేముందు పిట్టన్న గ్రంథం తెరిచాడు.

మర్నాడు లెక్కపెట్టకుండా ఎక్కాడు. ప్రతి అరుగు దగ్గరా జారితే పట్టి ఆపే బెల్టు కొక్కెం విప్పి, పై కమ్మీకి తగిలించి, ఆగి, విన్నాడు. సగం దాటాక గొంతు ఎప్పుడూ లేనంత తియ్యగా పలికింది: "అంత నమ్మకమున్నోడికి కొక్కెం దేనికి? పాదం తొట్రిల్లనివ్వడని నువ్వే అంటావుగా. వదిలెయ్, తొందరగా ఎక్కేద్దువుగాని."

చెయ్యి కొక్కెం దాకా వెళ్లింది. అప్పుడు గుర్తుపట్టాడు. పాత ఎత్తే, గుడి శిఖరం మీద వాడు వేసిన ఎత్తే.

"పరీక్షించకూడదని కూడా రాసుంది," అన్నాడు పైకే. కొక్కెం సరిచూసుకున్నాడు.

ఇంకో అరుగు పైన రెండోది వచ్చింది. నీవాళ్లకి దిక్కెవరు?

"తండ్రిలేని పిల్లలకి తండ్రి, విధవరాలికి అండ ఆయనేనని రాసుంది. సాక్ష్యం కావాలా? మా ఇంట్లో కూర్చుని దుప్పటి కుడుతోంది, పోయి అడుగు."

జవాబు రాలేదు. గాలి మాత్రం వీచింది. చేతులకు చెమట పోలేదు. అయినా మెట్టు మీద మెట్టు ఎక్కుతూనే పోయాడు. ఎన్నో మెట్టో తెలియలేదు. గూటి తలుపు తలకు తగిలింది.

వాకీటాకీలో కింద సిగ్నల్ ఇచ్చేవాడి గొంతు: "పిట్టన్నా, ఇంతసేపేంటి? గుడ్లు గానీ పెడుతున్నావా?"

"మాట్లాడుకుంటూ ఎక్కాను రా."

"ఎవరితో?"

"పాత పరిచయస్తుడే. మధ్యలో దిగిపోయాడు. రేపు మళ్లీ వస్తాడులే." సీటు ముందుకు జరుపుకున్నాడు. "ఊఁ, మొదటి బరువు తగిలించు."