వాయిల్ గౌను, తలుపు మీది తువ్వాలు

నిన్న మధ్యాహ్నం ఎదురు ఫ్లాటు తలుపు తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గొళ్ళానికి నీలం గీతల తువ్వాలు వేలాడుతోంది. ఆ ఇంట్లో కొత్తగా ఒక అమ్మాయి దిగిందని వాచ్‌మన్ చెప్పాడు. ఈ ఎండలకి నేను కుట్టుకుంటున్న గౌనుకి భుజాల కొలత తీసిపెట్టమని అడుగుదామని, ముసలిదాన్ని కదా, కాదనదులే అనే ధైర్యంతో బయలుదేరాను. తువ్వాలు కనబడగానే ధైర్యం జారిపోయింది. చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, మా తలుపు కూడా మెల్లగా వేసుకుని, కుర్చీలో కూలబడ్డాక నవ్వొచ్చింది. నాచారంలో మేమున్న సందు ఎప్పుడో అపార్టుమెంట్ల కింద కలిసిపోయింది గానీ, దాని అలవాటు నా కాళ్ళని వదలలేదు.

ఎనభైల చివర్లో, పెళ్ళైన కొత్తలో, కృష్ణా జిల్లా నుంచి ఆ సందులోకి కాపురానికి వచ్చాను. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒక గది, అందులోనే ఒక మూల వంట, పైన సిమెంటు రేకులు. తెల్లారకముందే లేచి వెళ్ళిపోయేవారు, ఓవర్‌టైం చేసుకుని చీకటి పడ్డాక వచ్చేవారు. మంచి మనిషి, కాకపోతే మాటలు కూడా ఓవర్‌టైంకే వాడేసి వచ్చినట్టు, అన్నం తిని పడుకునేవారు. ఇక పగలంతా నేనూ, రేకులూ. పెళ్ళికి పెట్టిన చీరలన్నీ నైలానూ పాలియెస్టరూ. ఉతికితే చిటికెలో ఆరతాయి, ఇస్త్రీ అక్కర్లేదు అని మా అమ్మ మురిసిపోతూ కొన్నవి. ఏప్రిల్ నెలలో, రేకుల కింద, ఆ చీరల్లో ఇడ్లీలా ఉడికిపోయేదాన్ని. వీపూ మెడా అంతా చెమటకాయలు పేలి గోడకి ఆనుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ఎండ కంటే నన్ను ఎక్కువ కాల్చింది ఆ సందు. వచ్చి రెండు నెలలైనా మా గుమ్మంలోకి ఒక్కరూ రాలేదు. మా ఊళ్ళో కొత్త కోడలు దిగితే చూడ్డానికి వచ్చేవాళ్ళతో వాకిట్లో చోటు చాలేది కాదు. ఇక్కడ ఆడవాళ్ళందరూ ఎదురింటి అరుగు మీద చేరి నవ్వుకునేవాళ్ళు. నేను కిటికీలోంచి చూస్తే తల ఊపేవాళ్ళు, అంతే. పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, సరిగ్గా మా ఇంటి ముందుకి రాగానే గొంతు తగ్గించి మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. ఎవరో ఒకరు 'ష్' అనేవాళ్ళు కూడా. కూరగాయలమ్మి సందు మొదట్లో కేకలు పెట్టేది, మా గుమ్మం దగ్గర నోరు మూసుకుని దాటిపోయి, చివర మళ్ళీ అందుకునేది. ఎదురింటివాళ్ళు క్రైస్తవులు. వారానికొకసారి వాళ్ళింట్లో ప్రార్థన జరిగేది. పాట మొదలవుతుండగా మా వైపు కిటికీ రెక్కలు మూసేసేవాళ్ళు. మన యాస వాళ్ళకి నచ్చలేదు, మనం పరాయివాళ్ళం అనుకుంటున్నారు అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. పగటిపూట నా గొంతు నేను వినడానికి గిన్నెలతో మాట్లాడేదాన్ని. గిన్నెలు బదులు చెప్పేవి కావు గానీ, వినేవి.

ఒక రాత్రి భోజనం దగ్గర మా ఆయనతో, "నన్ను మా ఊళ్ళో దింపేసి రండి," అన్నాను. వేసవికి పుట్టింటికే కదా అనుకుని, "నెలాఖరున సెలవు పెడతాలే," అన్నారు. తిరిగి రాకూడదని నేను అనుకున్న సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి. ఎవరూ పలకరించలేదని కాపురం వదిలేసి వచ్చానంటే మా ఊళ్ళో మాత్రం ఎవరు నమ్ముతారు?

నెలాఖరుదాకా బతకాలి కదా. ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద కాగితంలా పరిచి అమ్మ పంపిన పాత వాయిల్ చీర ఒకటి ఉంది. లేత పసుపు మీద చిన్న చిన్న ఆకులు. ఉతికి ఉతికి, చేత్తో పట్టుకుంటే బరువే తెలియనంత మెత్తబడింది. దాన్ని చింపి ఒక వదులు గౌను కుట్టుకుందామనుకున్నాను. మిషను లేదు, సూదీ దారమే. అమ్మ చీరకి కత్తెర పెట్టడానికి మనసొప్పలేదు గానీ, వీపు మంట గెలిచింది. పొడుగు కొలుచుకున్నాను, నడుం కొలుచుకున్నాను. భుజాల దగ్గర ఆగిపోయాను. ఎవరి వీపు కొలత వాళ్ళు తీసుకోలేరని అప్పుడు తెలిసింది. జాకెట్టు పరిచి చూస్తే అది ఒంటికి పట్టుకుని ఉండేది, గౌనుకి పనికిరాలేదు. పురికొస ఒకటి భుజం మీదుగా వెనక్కి వేసి, రెండో కొస అందుకోబోతే జారిపోయేది. ఒక కొస గోడ మేకుకి కట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఎవరైనా చూస్తే దూడని కట్టేశారనుకుందురు. చూసేవాళ్ళే ఉంటే ఆ పురికొసతో పని ఏముంది అనుకునేసరికి ఏడుపొచ్చింది.

ఆ వేళ ఎండ మరీ దారుణంగా ఉంది. తలుపు గొళ్ళానికి రోజూ ఆరేసే తువ్వాలు తీసి, తడిపి, నెత్తిన కప్పుకుని మళ్ళీ కూర్చున్నాను. మాకు పెరడంటూ లేదు, అందుకని ఆయన తువ్వాలు వీధి తలుపుకి ఆరేసేదాన్ని. అది తీసి కాసేపైందో లేదో, తలుపు చప్పుడైంది. తెరిస్తే ఎదురింటి అక్క, చేతిలో మామిడికాయ పచ్చడి గిన్నెతో.

"సారుకు డ్యూటీ మారిందా చెల్లె? తువాల కనబడలే, గందుకే వచ్చిన," అంది.

నాకేమీ అర్థం కాలేదు. "ఆయన పొద్దున్నే వెళ్ళారండీ. రోజూ అంతే కదా."

"రోజూ పగటి డ్యూటీయేనా? మరి తలుపుకు తువాల ఎందుకేసినవు?"

"ఆరేశానండీ."

అక్క నన్నూ, నా నెత్తిమీది తువ్వాలునీ చూసి గడప మీద కూర్చుండిపోయింది. ఆ సందులో సగం ఇళ్ళలో మగవాళ్ళు నైట్ డ్యూటీలు చేసేవాళ్ళు. పొద్దున వచ్చి పడుకునేముందు తలుపుకి తువ్వాలు వేస్తే, లోపల మనిషి నిద్రలో ఉన్నాడు, తలుపు తట్టొద్దు, చప్పుడు చెయ్యొద్దు అని గుర్తు. మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"ఎప్పుడు సూసినా చీకట్లనే పోవుడు, చీకట్లనే వచ్చుడు. పాపం, అన్నీ నైట్లే ఏస్తున్నరనుకున్నం," అంది. "నీ తువాలకు భయపడి పాటలు గూడ కిటికీలు బందు జేసి పాడినం. ఈస్టర్ నాడు కేకు పట్టుకొని నీ వాకిట్లదాంక వచ్చి మళ్ళిపోయిన." నవ్వుతోంది గానీ, అలవాటుకొద్దీ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వుతోంది.

తర్వాత నేల మీది వాయిల్ గుడ్డనీ, మేకుకి వేలాడుతున్న పురికొసనీ చూసింది. "ఇటు తిరుగు," అంది. అరచెయ్యి చాపి నా వీపు మీద పెట్టింది. ఈ భుజం నుంచి ఒక జానెడు, ఇంకో జానెడు, పైన రెండు వేళ్ళు. పుట్టింటినుంచి వచ్చాక నా వీపు మీద చెయ్యి వేసిన ఆడమనిషి లేదు. ఆ రెండు వేళ్ళ దగ్గర నా ఏడుపు ఆగలేదు. అక్క చెయ్యి తియ్యకుండానే, "ఊకో చెల్లె. కన్నీళ్ళు కారి చెమటకాయల మీద పడితే ఇంకింత మండుతయి," అంది.

ఆ సాయంత్రానికి చెరో పక్కా కూర్చుని గౌను కుట్టేశాం. నెలాఖరున పుట్టింటికి వెళ్ళాను, వారం తిరక్కుండా వచ్చేశాను. ఎందుకు అంత తొందర అని అమ్మ అడిగితే, పచ్చడి గిన్నె తిరిగి ఇవ్వాలి అన్నాను. కొన్నేళ్ళకి అక్క భర్త పనిచేసే కంపెనీ మూతపడి వాళ్ళు జనగామ దగ్గర సొంతూరికి వెళ్ళిపోయారు. అక్క ఇప్పుడు లేదని విన్నాను. మా ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. ఆ తువ్వాలు పుణ్యమా అని మా తలుపు మీద నేను ఇప్పటికీ గుడ్డపేలిక కూడా ఆరెయ్యను. అయినా రోజుల తరబడి ఎవరూ తట్టరు.

ఈ పొద్దున చూస్తే ఎదురు తలుపు మీది తువ్వాలు అలాగే ఉంది. నిజంగా నిద్రపోతోందో, ఊరికే ఆరేసిందో. అటో ఇటో తేల్చుకోలేక ఇంట్లోనే కాసేపు పచార్లు చేశాను. చివరికి సగం కుట్టిన గౌను భుజాన వేసుకుని వెళ్ళి తట్టాను. లోపల అడుగుల చప్పుడు వినబడేదాకా నిలబడ్డ ఆ కాసేపట్లో అనిపించింది: ముప్పై ఏళ్ళ కాపురం ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు గానీ, ఎవరూ తలుపు తట్టని ఆ రెండు నెలలు మాత్రం నాకు ఇంకా పూర్తికాలేదు.