ఊక బూడిద పూసిన పాఠం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, చరిత్ర నేను చెబితేనే పిల్లలకు అర్థమవుతుందని. (ఇప్పుడు నాకే సరిగ్గా అర్థం కావడం లేదు, అది వేరే సంగతి.) బీఈడీ పట్టా ఇంకా చేతిసంచిలోనే పెట్టుకుని తిరుగుతున్న కాలం. కోదాడ నుంచి వచ్చి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరాను. బడి యజమానికి రైస్ మిల్లు ఉండేది కాబట్టి ఆయన్ని అందరం మిల్లు సారు అనేవాళ్లం. ధాన్యంలో తేమ చూసినట్టే కొత్త టీచర్లను కూడా మూడు నెలలు ఆరబెట్టి చూసి గానీ ఉద్యోగం ఖాయం చేసేవాడు కాదు. నాకింకా ఆరడం పూర్తి కాలేదు.

తొమ్మిదో తరగతిలో, ఆఫ్రికా నుంచి నల్లజాతి మనుషులను ఓడల్లో అమెరికాకు తీసుకెళ్లి బానిసలుగా అమ్మిన పాఠం వచ్చింది. దాన్ని ఎలా చెప్పాలన్న దాని మీద స్టాఫ్ రూములో పెద్ద వాదనే నడిచింది. నాలుగు మార్కుల ప్రశ్నేగా, జవాబు కింద గీతలు గీయించి ముందుకు పొమ్మన్నాడు లెక్కల సారు. పిల్లల కళ్లలో నీళ్లు తిరగాలన్నాను నేను. మిల్లు సారు ఇద్దరి మాటా విని, "చెప్పు టీచరమ్మా, మంచిగనే చెప్పు. గని ఏడుపు ఇంటిదాకా పోవద్దు. ఒక్క తల్లి వచ్చి అడిగినా నీ సంగతి నేను మళ్ల ఆలోచన జెయ్యాలె" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ పాఠాన్ని నాటకంగా వేయిస్తానని మాటిచ్చేశాను.

వేషాలు పంచడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తోట యజమాని వేషం మిల్లు సారు మనవడికి, పౌడరు రాస్తే మెరిసిపోతాడని. బానిసల నాయకురాలి వేషం రోజూ నిడమనూరు బస్సు దిగి వచ్చే ఒక గొర్లకాపరుల ఇంటి పిల్లకు. మిగతా పదిమందికి రంగు కావాలి కదా, మిల్లు వెనక గుట్టగా పడి ఉండే నల్లటి ఊక బూడిద తెప్పించి, కొబ్బరినూనెలో కలిపి నా చేతులతో నేనే పూశాను. (నాయకురాలికి కూడా ఒక పూత ఎక్కువే వేశాను, నాయకురాలు కదా అని.) ఊక బూడిద చెమటకు తడిస్తే ఏమవుతుందో మిర్యాలగూడలో నడిచే పిల్లాడికి కూడా తెలుసు. బీఈడీలో మాత్రం చెప్పలేదు.

తెర లేచిన రెండో నిమిషానికి బానిసలంతా గోక్కోవడం మొదలుపెట్టారు. గొలుసులు కట్టి ఉన్నాయి కాబట్టి వీపులు అందక ఒకరి వీపు ఒకరు గోకారు. యజమాని కొరడా పక్కన పెట్టి, పాపం, తానూ వాళ్ల వీపులు గోకసాగాడు. హాలంతా ఒకటే నవ్వు. నేను తెర పక్కన నిలబడి కోదాడ బస్సు ఎన్నింటికుందో గుర్తు చేసుకుంటున్నాను.

అప్పుడు ఆ పిల్ల నాయనమ్మ లేచి వేదిక మీదికి వచ్చింది. కొంగుతో మనవరాలి ముఖం నెమ్మదిగా తుడిచి, నా వైపు తిరిగి అడిగింది.

"మా పోరి నల్లగుందనే గీ ఏషమిచ్చినవా బిడ్డా?"

హాలులో నవ్వు ఆగిపోయింది. "లేదమ్మా, బాగా నటిస్తుందని ఇచ్చాను" అన్నాను.

"మా మామ పసుపుకొమ్మ లెక్క ఉంటుండె. దొర ఇంటికి సుట్టాలొస్తే మందల మంచి గొర్రెను ఏరి ఇచ్చి, ఉత్త చేతులతోని వస్తుండె. అడిగితె దెబ్బలు. గదే వెట్టి. పిల్లలకు గంత దూరం సంగతి చెప్తున్నవ్ మంచిదే, గీడిది గూడ చెప్పరాదు?" అంది. ముందు వరుసలో మిల్లు సారు తల దించుకుని తన అరచేతిని చూసుకుంటున్నాడు.

మర్నాడు ఆయన పిలిస్తే సంచి సర్దుకునే వెళ్లాను. "ఆ ముసలవ్వను పిలువు. పాఠం ఆమె చెప్తది, నువ్వు బోర్డు తుడువు" అన్నాడు. ఆమె వచ్చింది. కుర్చీ వేస్తే ఎంత చెప్పినా కూర్చోలేదు, గంటసేపు నిలబడే చెప్పింది. పరీక్షలో ఆ పిల్ల అమెరికా బానిసల జవాబు కింద ముత్తాత దొరకు తోలుకెళ్లిన గొర్రె సంగతి కూడా రాసింది. నాలుగుకు నాలుగు వేశాను.

ఇప్పుడు సూర్యాపేటలో పనిచేస్తున్నాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు ముందు, మీ ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటాను. బూడిద పూసిన ఆ కొత్త టీచరమ్మ గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ బాగా నటిస్తుందన్నానే, వేషాలు పంచిన రోజుకి ఆ పిల్ల నోట ఒక్క మాటైనా నేను విని ఉండలేదు. నవ్వు అక్కడికొచ్చి ఆగుతుంది.